సోమవారం లోపు బ్రేకులు

ఆటోనగర్‌లో మూడో కొట్టు మెట్లెక్కేసరికి హెలెన్‌కి కాళ్ళు పీకడం మొదలైంది. పొద్దున్నే ఉయ్యూరులో బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గర దిగారు. అక్కడ అద్దాల షోరూములో "ఆర్డరు పెడితే వారం పడుతుంది మేడమ్" అన్నారు. అక్కణ్ణించి ఆటోలో ఇక్కడికొచ్చి పడ్డారు. మొదటి కొట్టులో వాళ్ళ బండికి సరిపడేవి లేవు. రెండో కొట్టులో ఉన్నాయన్నారు గానీ, చాలాసేపు స్టూలు మీద కూర్చోబెట్టి, గోడౌనుకి వెళ్ళిన మనిషి ఫోనెత్తడం లేదని చల్లగా చెప్పారు. మార్చి మొదట్లోనే ఎండ మాడ్చేస్తోంది. ఎక్కడ చూసినా ఇనుం కోసే చప్పుడు, వెల్డింగు మిణుగురులు, చెప్పులకి అంటుకుపోయే నల్లటి మడ్డి.

జాన్ పాల్ చొక్కా వీపంతా తడిసి ముద్దయింది. అయినా హెలెన్ హ్యాండ్‌బ్యాగు అతని భుజానికే వేలాడుతోంది. గులాబీ రంగుది, ముత్యాల గొలుసున్నది. గ్రీజు చేతుల మగవాళ్ళ మధ్య దాన్ని వేసుకుని, అదేదో పుట్టినప్పట్నించీ ఉన్నట్టు నడుస్తున్నాడు. పెళ్ళయి మూడు నెలలు కాలేదు. ఇలాంటివి కంటపడినప్పుడల్లా హెలెన్‌కి ఎంత అలిసిపోయి ఉన్నా లోపల్నించి నవ్వు పొంగుకొస్తుంది.

వాళ్ళకి కావలసింది కారు ముందు చక్రాలకి రెండు బ్రేక్ డిస్కులు. బ్రేకు తొక్కగానే ప్యాడ్లు రెండు వైపుల నుంచీ బిగించి పట్టుకునే ఇనప పళ్ళాలవి. వాళ్ళ కారు జాన్ పాల్ పెళ్ళికి ముందే సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న బండి. కొన్నాళ్ళుగా బ్రేకు తొక్కితే పెడలు కాలిని ఎదురు తంతోంది, స్టీరింగు గజగజ వణుకుతోంది. ఉయ్యూరులో మెకానిక్ చక్రి ఇప్పటికి రెండుసార్లు డిస్కులు విప్పి లేతు మీద సాపు చేయించాడు. మూడోసారి విప్పి, అంచు కొలిచి చూసి, "ఇంక చెక్కడానికి వీటిలో ఇనుం లేదన్నా, కొత్తవి తేవాల్సిందే" అని బండిని జాకీల మీద అలాగే వదిలేశాడు.

వేరే రోజులైతే వచ్చే నెల చూసుకుందాం అనుకునేవాళ్ళే. కానీ సోమవారం హెలెన్ ఉద్యోగంలో చేరాలి. గన్నవరం దగ్గర డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్. ఉయ్యూరు నుంచి బస్సులో వెళ్ళాలంటే బెజవాడ చుట్టి రావాలి, మొదటి క్లాసుకి అందదు. జాన్ పాల్ ఉయ్యూరులోనే హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. తెల్లవారేసరికి గ్రౌండులో ఉండాల్సిన మనిషి, దింపి రాలేడు. కారుంటే కంకిపాడు మీదుగా అడ్డదారిన ఆమే వెళ్ళి రావచ్చు. లేకపోతే అమ్మాయిల హాస్టల్లో ఒక గది ఇస్తామని కాలేజీవాళ్ళు చెప్పారు. వారమంతా అక్కడ, ఆదివారం ఇక్కడ. ఆ గది మాట తలుచుకుంటేనే హెలెన్‌కి అన్నం సయించడం లేదు.

జాన్ పాల్ కూడా తేల్చి చెప్పేశాడు. "సోమవారానికి బ్రేకులు నమ్మకంగా ఉంటేనే నువ్వు స్టీరింగు పట్టుకునేది. లేదంటే హాస్టలే. నాకేమన్నా సరదానా చెప్పు?"

మూడో కొట్టు మల్లేశ్వరరావుగారిది. నుదుట విభూతి రేఖలు, చెవిలో పెన్ను. బండి పేరు, సంవత్సరం అడిగి, తర్వాత అసలు ప్రశ్న వేశాడు.

"ఒంటి పలకదా, మధ్యలో గాలి సందులున్నదా?"

జాన్ పాల్ హెలెన్ వైపు చూశాడు. ఆమె ఫోను తీసి, చక్రి షెడ్డులో పాత డిస్కుని పక్కనించి తీసిన ఫొటో చూపించింది. రెండు పలకల మధ్య సందులు స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఫొటో తెచ్చావు, బతికించావమ్మా. నిన్న గుడివాడ నుంచి ఒకాయనొచ్చాడు. ఎలాంటిది కావాలండీ అంటే, గుండ్రంగా ఉండేదండీ అన్నాడు."

నీరసంగానే అయినా ముగ్గురూ నవ్వారు.

ఆయన అరల్లోంచి మూడు జతలు దించి బల్ల మీద పరిచాడు. ఒక జత బండి తయారుచేసిన కంపెనీ డబ్బాలో వచ్చేది. ఇంకోటి బ్రేకు సామాను మాత్రమే చేసేవాళ్ళది. "సరుకు ఇంచుమించు అదే, డబ్బా మీద బొమ్మ వేరు" అన్నాడు. మూడో జత తీసేసరికి జాన్ పాల్ ముందుకి వంగాడు. నిండా బెజ్జాలు, వంపు తిరిగిన గీతలు, తళతళా మెరుస్తోంది.

"అబ్బ! ఇవి రేసు కార్లకుంటాయే!"

"అవును బాబూ. తమరు రేసుకెళ్తారా?"

"స్కూలుకెళ్తానండీ."

"మరింకేం!"

"చక్రాల్లోంచి కనబడతాయి హెలెన్. చూడు, ఎంత బావున్నాయో."

హెలెన్ ఒక బెజ్జంలో చిటికెనవేలు పెట్టి చూసింది. "కాలవగట్టు మీద బురద ఇందులో దూరితేనో?"

"దూరుద్దమ్మా. వానాకాలం పుల్లెట్టి పొడుచుకుంటా కూచోటమే. రేగడి మట్టి, చేలో మట్టి అయితే మరీను. ఊళ్ళో తిరిగే బండికి మామూలియ్యే మంచిది."

"కనబడ్డానికి నేనున్నానుగా జానూ," అంది హెలెన్ గొంతు తగ్గించి. "ఇవి ఆపితే చాలు."

మల్లేశ్వరరావుగారు వినబడనట్టు మొహం అరల వైపు తిప్పుకున్నాడు గానీ, ఆయన భుజాలు కదలడం ఆమె చూసింది.

రెండో జత తీసుకున్నారు. ఒక వైపు మారిస్తే బండి ఒక పక్కకి లాగుతుందని, రెండూ మార్చాల్సిందేనని, ప్యాడ్లూ కొత్తవే వేయాలని చెప్పి, ఆయన అవీ కలిపి ఇచ్చాడు. డబ్బా మూత తీసి డిస్కు మీద వేలితో రాసి చూపించాడు. వేలికి జిగురు జిగురుగా అంటింది. "తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బిగించే ముందు సబ్బెట్టి శుభ్రంగా కడగాలి. దీని మీద నూనె చుక్క ఉండకూడదు."

తిరుగు బస్సులో చెరో డిస్కూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తొడలు తిమ్మిరెక్కాయి. సూర్యుడు సరిగ్గా వాళ్ళ కిటికీ పక్కనే దిగుతున్నాడు. కండక్టరు వాటివంక అనుమానంగా చూశాడు.

"ఏందండీ అంత బరువు? బంగారమా?"

"బ్రేకులండీ," అన్నాడు జాన్ పాల్.

"అయితే మా డ్రైవరుకి ఇయ్యండి. ఆపమంటే ఆపట్లా."

హెలెన్ తల జాన్ పాల్ భుజానికి ఆనించింది. చెమట, పెట్రోలు, కమలాపండు తొక్కల వాసన. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ వైపు నుంచి చెరకు మడ్డి వాసన మొదలయ్యేసరికి నిద్రపోయింది.

ఇంటికొచ్చాక ఒళ్ళు మంచం వైపే లాగుతున్నా, హెలెన్ పెరట్లో కుళాయి దగ్గర కూర్చుంది. గిన్నెల సబ్బు, పీచు తీసుకుని డిస్కుల్ని రుద్ది రుద్ది కడిగింది. జిడ్డు వదిలి ఇనుం బూడిద రంగులో మెత్తగా మెరుస్తుంటే, ఎందుకో ఉత్తపుణ్యానికి సంతోషమేసింది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి కొన్న మొదటి వస్తువు ఇది. కొందరు టీవీ కొనుక్కుంటారు, కొందరు బీరువా. హెలెన్ వాటిని జాన్ పాల్ పాత బనీనుతో తుడిచి, వంటింటి గట్టు మీద గోడకి ఆనించి నిలబెట్టింది.

అత్తగారు సంపూర్ణమ్మ చూపుడువేలితో డిస్కు అంచు తట్టి చూసింది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. ఇంట్లోంచి ఎవరు కాలు బయటపెట్టినా, ఉపవాస కూడికలో ప్రార్థన చేయించి తెచ్చిన గంధం నూనె నుదుట రాయందే పంపదు.

"ఇదేనా అమ్మాయ్, మీరు పొద్దుటాల పోయి సందేళ దాకా ఎతుక్కొచ్చింది?"

"ఇదేనండీ అత్తయ్యా."

"ఇది పట్టుకుంటేనే బండి ఆగుద్దా?"

"అంతేనండీ. నా ప్రాణం వీటి మీదే ఉందనుకోండి."

హెలెన్ ఏదో మాటవరసకి అంది. సంపూర్ణమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకుకీ కోడలికీ అన్నం పెట్టి, పడుకోమని తరిమింది.

ఆదివారం తెల్లవారగానే, నుదుట సంపూర్ణమ్మ రాసిన నూనెతో, ఆవిడ పాతగుడ్డలో చుట్టి ఇచ్చిన డిస్కులు పట్టుకుని ఇద్దరూ చక్రి షెడ్డుకి వెళ్ళారు. రెండో ఆరాధనకి అందుకుంటామని సంపూర్ణమ్మకి చెప్పి వచ్చారు. చక్రి పెట్రోలు డబ్బా, గుడ్డ తీసి, "ముందు ఓసారి తుడిచేద్దాం మేడమ్" అన్నాడు.

"అక్కర్లేదు చక్రీ, నేనే కడిగాను. రెండుసార్లు రుద్దాను, సబ్బుతో," అంది హెలెన్ గర్వంగా.

"ఈవిడ కడిగిందంటే గిన్నెల మీద కంపెనీ పేరు కూడా చెరిగిపోతుందిరా," అన్నాడు జాన్ పాల్.

చక్రి నవ్వి డబ్బా పక్కన పెట్టేశాడు. డిస్కులు ఎక్కించి, కొత్త ప్యాడ్లు వేసి, చక్రాలు బిగించాడు. షెడ్డులోంచి మెల్లగా బయటికి తీసి ఆపి చూపించాడు. ఆగింది. "కొత్తయి కదా, ఒరుసుకునేదాకా గట్టిగా తొక్కకండి. గట్టు మీద ఓ రౌండు కొట్టి రండి."

హెలెన్ స్టీరింగు ముందు కూర్చుంది. జాన్ పాల్ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. పుల్లేరు గట్టు ఎక్కాక ఊరి చప్పుడు వెనకబడింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పసుపు చేలు, అరటి తోటలు. ముందు చెరకు ట్రాక్టరొకటి, ట్రక్కుకి వెనకా, రెండు పక్కలా గడలు చాచుకుని, ఊగుతూ పోతోంది. రేపిదే దారిన ఒంటరిగా వెళ్తాననీ, సాయంత్రం ఇదే దారిన ఇంటికొస్తాననీ అనుకుంటూ హెలెన్ కొంచెం వేగం పెంచింది.

ట్రాక్టరువాడు ఉన్నట్టుండి ఆపాడు.

హెలెన్ బ్రేకు తొక్కింది. పెడలు ఎదురు తన్నలేదు. స్టీరింగు వణకలేదు. ఆ మెత్తదనానికి సంబరపడేలోపే తెలిసింది, బండి ఆగడం లేదని. ఇంకా తొక్కింది. కాలు దిగుతోంది గానీ బండి అలాగే జారిపోతోంది. చెరకు మొదళ్ళు అద్దం మీదకి వచ్చేస్తున్నాయి. జాన్ పాల్ "హెలెన్!" అని అరవడం, ఆమె హ్యాండ్‌బ్రేకు లాగడం ఒక్కసారే జరిగాయి. వెనక చక్రాలు కీచుమన్నాయి. బండి అడ్డంగా తిరిగి, గడల చివరలు బానెట్టుని టకటకా పొడుస్తుంటే ఆగింది.

ట్రాక్టరు డ్రైవరు దిగొచ్చి, "నేర్చుకునేవాళ్ళు గట్టు మీదకి రావచ్చా అండీ? కాలవలో పడితే ఎవరు తీస్తారు?" అని చీవాట్లు పెట్టి వెళ్ళాడు.

జాన్ పాల్ బెల్టు విప్పేశాడు. "చాలు. ఇంక చాలు హెలెన్. రేపు పొద్దున ఆటో మాట్లాడతాను. హాస్టల్లో దింపేస్తాను."

"నేను సరిగ్గానే తొక్కాను జానూ."

"నువ్వు తొక్కలేదని ఎవరన్నారు? నువ్వు తొక్కినా ఆగలేదు, అదీ నా భయం. వారానికోసారి నిన్ను చూస్తాను, ఫర్వాలేదు. నువ్వు ఉంటే చాలు."

ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో హెలెన్‌కి తెలియలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. తలుపు తీసి కిందకి దిగింది. ముందు చక్రం దగ్గర సన్నగా పొగ వస్తోంది. వంగింది. మాడిన నూనె వాసన. ఉత్త నూనె కాదు. అందులో గంధం ఉంది.

మెల్లగా నిలబడి నుదురు తడుముకుంది. పొద్దున అత్తయ్య రాసిన నూనె ఇంకా తడిగానే ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన.

"జానూ, నేను చెప్పేది విను. విన్నాక అత్తయ్యని ఏమీ అనకూడదు. ముందు మాటివ్వు."

బండిని నడక కన్నా నెమ్మదిగా, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి తీయకుండా ఊళ్ళోకి తెచ్చారు. షెడ్డు దగ్గర వదిలేసి ఇంటికి నడిచారు. సంపూర్ణమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని ఆరాధనకి సిద్ధంగా గుమ్మంలో కూర్చుని ఉంది.

"అత్తయ్యా, నిన్న రాత్రి ఆ డిస్కులకి ప్రార్థన చేశారా అండీ?"

ఆవిడ మొహం విప్పారింది. "చెయ్యనా మరి? నీ ప్రాణం వాటి మీదే ఉందన్నావుగా. మీరు నిద్రపోయాక మోకాళ్ళేసి, అటూ ఇటూ నాలుగు పక్కలా సిలువ గీశాను. సీసాలో సగం అయిపోయింది."

జాన్ పాల్ నోరు తెరిచాడు. హెలెన్ అతని చెయ్యి గట్టిగా నొక్కింది. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నూనె రాస్తే జారుద్దండీ అత్తయ్యా. వాటికి నూనె తగలకూడదు. ఇప్పుడు గట్టు మీద బండి ఆగలేదు. చెరకు ట్రక్కుని గుద్దబోయాం."

"దేవుడి నూనెకి బ్రేకు పోద్దా?" అంది సంపూర్ణమ్మ మెల్లగా. చెయ్యి చాచి కోడలి మోచేతులు, భుజాలు, మొహం తడిమింది, ఎక్కడన్నా దెబ్బ తగిలిందేమోనని. "నీకేం కాలేదుగా? వీడికేం కాలేదుగా?"

"ఏం కాలేదండీ."

"మీకు చెప్పకుండా చేశాను. చెబితే నవ్వుతారని."

"నవ్వేవాళ్ళం," అన్నాడు జాన్ పాల్ గోడవైపు నుంచే. "నవ్వి, కడిగేవాళ్ళం."

సంపూర్ణమ్మ లేచింది. బైబిలు సంచి మేకుకి తగిలించింది. "పదండి. నేనే కడుగుతాను."

"అమ్మా, ఆరాధన..."

"దేవుడు రాత్రి ఆరాధనకి కూడా ఉంటాడు. చక్రి పోతాడేమో, పద."

షెడ్డులో చక్రి కథంతా విని తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వాపుకోలేక జాకీ మీద కూలబడ్డాడు. "పిన్నిగారూ! నేనూ కొత్త బండికి నిమ్మకాయలు పెడతానండీ. టైరు కింద పెడతాను. డిస్కు మీద పిండను!"

"నవ్వు నాయనా, నవ్వు. ముందు ఇప్పు."

విప్పి చూస్తే కొత్త ప్యాడ్లు నూనె పీల్చేసి నల్లగా మాడి ఉన్నాయి. అవి ఇంక పనికిరావని చక్రి పక్కన పడేశాడు. ఆదివారం, ఆటోనగర్ కొట్లన్నీ మూత. హాస్టలు గది మళ్ళీ హెలెన్ కళ్ళ ముందుకొచ్చింది. చక్రి మూలనున్న రేకు డబ్బాలో వెతికి, మొన్న విప్పిన పాత ప్యాడ్లు తీశాడు. "డిసెంబర్లో వేసినయ్యే. సగం పైగా ఉన్నాయి. సాపు చేసి వేస్తాను. కొత్తయి వచ్చేదాకా ఇయ్యి నడుస్తాయి, కొంచెం కుయ్యోమంటాయి గానీ పట్టుకుంటాయి."

"నమ్మొచ్చా?" అన్నాడు జాన్ పాల్.

"నువ్వు కూర్చో అన్నా, నేనే తోలి చూపిస్తా."

సంపూర్ణమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు దోపుకుని, నీళ్ళ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, సబ్బూ పీచూ పుచ్చుకుని డిస్కుల్ని తోమింది. పెదాలు కదుపుతూనే ఉంది. ఆవిడ ఆపాక చక్రి పెట్రోలు గుడ్డతో తుడిచాడు. ఈసారి హెలెన్ ఒద్దనలేదు. గుడ్డ మీద మరక పడనిదాకా తుడవమని పక్కనే నిలబడింది.

మధ్యాహ్నం చక్రి గట్టు మీద జాన్ పాల్‌ని ఎక్కించుకుని నాలుగైదుసార్లు ఆపి చూపించాడు. తర్వాత హెలెన్ నడిపింది. పక్క సీటు తలుపు తీసి ఎక్కింది జాన్ పాల్ కాదు, సంపూర్ణమ్మ.

"మీరెందుకండీ అత్తయ్యా?"

"నే రాసిన నూనెకి నువ్వు ఒక్కదానివే భయపడాలా? తొక్కు."

ఖాళీ గట్టు మీద హెలెన్ బ్రేకు తొక్కింది. ప్యాడ్లు కుయ్యోమన్నాయి. బండి ముందుకి వంగి, ముక్కు నేలకి ఆనించినట్టు నిలబడింది. సంపూర్ణమ్మ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"ఆగిందా?"

"ఆగిందండీ."

"ఇంకోసారి."

ఇంకోసారి ఆగింది. ఆ తర్వాత ఇంకోసారి. చీకటిపడే వేళకి ముగ్గురికీ నిలబడే ఓపిక లేదు. జాన్ పాల్ తాళం చెవి హెలెన్ చేతిలో పెట్టి, "రేపు వెళ్ళు. కాలేజీ గేటు దగ్గర ఆపగానే ఫోను చెయ్యి," అన్నాడు.

సోమవారం హెలెన్ వెళ్ళింది. వరసగా క్లాసులు, గోడకి వేలాడుతున్న వేరు బొమ్మలు, సుద్దముక్క పొడి, పేర్లు గుర్తుండని మొహాలు. హాస్టలు వార్డెను గది చూపిస్తానంటే, "వద్దండీ, ఇంటికి వెళ్తాను," అని చెప్పింది. సాయంత్రం తిరుగుదారిలో చెరకు బళ్ళు, గేదెలు, స్కూలు బస్సులు. అడుగడుక్కీ బ్రేకు. తొక్కిన ప్రతిసారీ కుయ్యోమనడం, ఆగడం. కంకిపాడు దాటేసరికి కుడికాలి పిక్క గట్టిపడిపోయింది.

ఇంటి ముందు బండి ఆపి, ఇంజను కట్టేసింది. దిగాలనే అనుకుంది. కాళ్ళు మాట వినలేదు. గేటు దగ్గర విజిలు మెడలోనే వేలాడుతుండగా జాన్ పాల్ పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు.

"దిగు. అమ్మ ఉప్మా చేసింది."

"ఉండు జానూ. అయిదు నిమిషాలు ఇలాగే కూర్చోనియ్యి."

అతను ఒక్క క్షణం చూసి, తలుపు మెల్లగా వేసి, అటువైపు నుంచి తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సీటు వెనక్కి వాల్చుకున్నాడు. అతనూ పొద్దుట్నించీ ఎండలో నిలబడ్డ మనిషే. ఆగి ఉన్న బండిలో, చేతి మీద చెయ్యి వేసుకుని, ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. లోపల్నించి సంపూర్ణమ్మ, ఉప్మా చల్లారిపోతోందని కేకేసింది. ఇద్దరిలో ఒక్కరూ కదలలేదు.